మానవ హక్కుల దినానికి బడిలో 12 బోర్డులు: ఎవరి మీద, ఏం రాయాలి?

చంద్రగిరి సోషల్

అందరికీ నమస్కారం. డిసెంబర్ 10 మానవ హక్కుల దినం కదా, ఆ వారమంతా తిరుపతి దగ్గరున్న మా హైస్కూల్ వరండాలో నాయకుల మీద బోర్డులు పెట్టాలని నిర్ణయమైంది. 8, 9, 10 తరగతుల పిల్లలు చూస్తారు, సాయంత్రం పూట తల్లిదండ్రులూ వస్తారు. గోడకు 12 బోర్డులు పడతాయి. ఇప్పటికి అనుకున్న పేర్లు: గాంధీ, అంబేద్కర్, మార్టిన్ లూథర్ కింగ్, రోసా పార్క్స్, మండేలా, మాల్కం ఎక్స్, మలాలా. మిగతా ఐదు ఖాళీ. ఒక్కో బోర్డులో ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, వచ్చిన అవార్డులు, కింద ఒక సూక్తి. ఇదీ నమూనా.

అడగాల్సినవి మూడు. ఈ నమూనా సరిపోతుందా? మన తెలుగు నేల నుంచి ఎవరిని పెట్టొచ్చు? ఇలాంటి బోర్డుల్లో మామూలుగా దొర్లే తప్పులేవి? ప్రింటయ్యాక దిద్దడం కుదరదు, అందుకే ముందే అడుగుతున్నా.

పాతపత్రికలు

టీచర్ గారూ, ముందు ఆ నమూనా మార్చండి. ఫొటో, తేదీలు, అవార్డులు పెడితే పిల్లకాయలకు అది గోడ మీది దేవుడి పటం. చూసి ముందుకు పోతారు. ఆ మనిషి ఏ పని చేస్తే ఏ అడ్డు తొలగింది, ఆ పని రోజూ ఎలా నడిచింది, డబ్బెక్కడిది, ఎవరు అడ్డం పడ్డారు, చివరికి ఏ కోర్టు ఏం చెప్పింది, ఇవి రాయండి. ఒక్కో నాయకుడికి ఒక్క ఘట్టం చాలు.

అమెరికాలోని మాంట్‌గొమరీ ఊళ్లో నల్లజాతివాళ్లు చేసిన బస్సుల బహిష్కరణనే తీసుకోండి. తెల్లాయనకు సీటు వదలనందుకు రోసా పార్క్స్ అరెస్టయింది 1955 డిసెంబర్ 1, గురువారం. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచర్, ఇద్దరు విద్యార్థులను తోడు పెట్టుకుని, కాలేజీలోని సైక్లోస్టైల్ మిషన్ మీద కరపత్రాలు తీసింది. కాగితానికి మూడు చొప్పున కొట్టి, కోసి, తెల్లారేసరికి 35,000కు పైగా సిద్ధం చేసింది. మహిళా రాజకీయ మండలి అనే వాళ్ల సంఘం నెలల ముందే బహిష్కరణ మాట ఎత్తి ఉంది కాబట్టే ఒక్క రాత్రిలో అది సాధ్యపడింది. సోమవారం, డిసెంబర్ 5న బస్సులు ఖాళీగా తిరిగాయి. అదే రోజు ఏర్పడిన సంఘానికి 26 ఏళ్ల కింగ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఊరికి కొత్తగా వచ్చిన పాస్టర్, ఎవరితోనూ పాత తగాదాలు లేనివాడు.

ఆ తర్వాతది మన షేర్ ఆటోల లెక్క. మొదట నల్లజాతి ట్యాక్సీవాళ్లు బస్సు చార్జీకే, 10 సెంట్లకే, జనాన్ని ఎక్కించుకున్నారు. నగర పాలకులు పాత నిబంధన తీసి, కనీస చార్జీ 45 సెంట్లు వసూలు చేయకపోతే కేసు పెడతామన్నారు. దాంతో సొంత కార్ల ఏర్పాటు మొదలైంది: దాదాపు 300 కార్లు, 40కి పైగా ఎక్కే చోట్లు. అంతకు రెండేళ్ల ముందు బేటన్ రూజ్ ఊళ్లో ఇలాగే నడిపినవాళ్లను అడిగి పద్ధతి నేర్చుకున్నారు. పెట్రోలు ఖర్చు చర్చిల్లో వారానికి రెండుసార్లు జరిగే సభల్లో జమయ్యేది. పోలీసులు డ్రైవర్ల మీద చిన్నచిన్న ట్రాఫిక్ కేసులు పెట్టారు. కార్ల ఇన్సూరెన్స్ రద్దు చేయించారు. చివరికి లండన్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. 1956 ఫిబ్రవరిలో కింగ్‌తో సహా సుమారు 90 మంది మీద బహిష్కరణ నడిపారని నేరారోపణ చేశారు.

పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఇంకొకటి. మొదటి కోరికల్లో ‘వేరు సీట్లు రద్దు చేయండి’ అనేది లేదు. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, ఎవరు ముందొస్తే వాళ్లకే సీటు దక్కాలి, నల్లవాళ్లు ఎక్కువగా ఎక్కే రూట్లలో నల్ల డ్రైవర్లను పెట్టాలి, అంతే. అది కూడా ఇవ్వకపోవడంతో కోర్టుకెళ్లారు. ఆ కేసులో రోసా పార్క్స్ పేరు లేదు! ఆమె కేసు రాష్ట్ర కోర్టులో నలుగుతోంది. ఫిర్యాదుదారులు వేరే నలుగురు ఆడవాళ్లు. వాళ్లలో ఒకరు క్లాడెట్ కోల్విన్. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, ఇలాగే సీటు వదలకుండా అరెస్టయింది. అప్పుడామెకు 15 ఏళ్లు, మీ పదో తరగతి ఆడపిల్లల వయసు. ఈ బోర్డు ఆమె పేరుతో మొదలైతే పిల్లలు ఆగి చదువుతారు.

1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు బస్సుల్లో వేరు సీట్లు చెల్లవన్నది. అదే రోజు స్థానిక కోర్టు కార్ల ఏర్పాటు ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. తీర్పు కాగితం చేతికొచ్చేదాకా నెలకు పైగా జనం నడిచే వెళ్లారు. మొత్తం 381 రోజులు.

ఇక తప్పుల మాట. నెంబరు పలక పట్టుకుని రోసా పార్క్స్ దిగిన పోలీసు ఫొటోను అందరూ 1955 డిసెంబర్ 1 నాటిదని వేస్తారు. అది 1956 ఫిబ్రవరిలో, ఇందాక చెప్పిన 90 మంది కేసులో ఆమె రెండోసారి అరెస్టయినప్పుడు తీసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఫొటో 1956 డిసెంబర్ 21 నాటిది, గెలిచాక పత్రికల కోసం తీసింది. వెనక సీట్లో ఉన్న తెల్లాయన విలేకరి. ‘సీటు ఇవ్వమని గద్దిస్తున్న మనిషి’ అని రాయకండి.

చెరువుగట్టు

అంబేద్కర్ బోర్డుకు రాజ్యాంగం ఫొటో అందరూ పెడతారు. మీరు మహారాష్ట్రలోని మహద్ చెరువు పెట్టండి, పక్క బోర్డు కారంచేడు చెరువు అవుతుంది. రెండూ మంచినీళ్ల గొడవలే.

మహద్‌లో జరిగింది వరసగా చెప్తే ఇలా ఉంటుంది. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రభుత్వ ఖర్చుతో నడిచే బావులు, చెరువులు, బళ్లు అస్పృశ్యులకు తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువును తెరిచినట్టు రాసుకుంది. కాగితం మీద తెరుచుకుంది, గట్టు మీద కాదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో ఊరేగింపుగా వెళ్లి దోసిట్లో నీళ్లు తాగాడు. తిరుగుదారిలో దళితులను కొట్టారు. తర్వాత ఆ చెరువు మైలపడిందని 108 కుండల నీళ్లు తోడి, పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపి మళ్లీ అందులోనే పోసి శుద్ధి అన్నారు. ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానం వెనక్కి తీసుకుంది. డిసెంబర్‌లో రెండోసారి సత్యాగ్రహానికి బయల్దేరితే కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చారు. అంబేద్కర్ చట్టాన్ని మీరలేదు. డిసెంబర్ 25న మనుస్మృతిని దహనం చేసి, చెరువు సంగతి కోర్టులో తేల్చుకుంటామన్నాడు. బొంబాయి హైకోర్టులో దళితులకు అనుకూలంగా తీర్పు వచ్చింది 1937 మార్చి 17న. దోసెడు నీళ్లకు పదేళ్లు పట్టింది. ఆ 108 కుండలు, ఈ పదేళ్లు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో వేయండి.

కారంచేడులో 1985 జూలైలో, దళితవాడ వాళ్లు నీళ్లు పట్టుకునే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడగొద్దని అడిగినందుకు గొడవ మొదలైంది. మరుసటి రోజు, 17న, వాడ మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. దాని నాయకులు బొజ్జా తారకం, కత్తి పద్మారావు ఇద్దరి పేర్లూ ఇక్కడ రావాలి. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఉన్న ఘటనల్లో కారంచేడు ఒకటి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు బాధితులు పట్టుబట్టి సాధించిందేంటంటే, ప్రత్యేక కోర్టు వాళ్ల ఊళ్లోనే కూర్చోవాలని. సాక్షులు గుంటూరుకో హైదరాబాదుకో తిరగాల్సిన పని లేకుండా చేసింది అదే. 2007లో 21 మందికి జీవిత ఖైదు పడింది.

కోర్టుమెట్లు

చెరువుగట్టు గారి పోస్టుకు ఒక దిద్దుబాటు. చుండూరు బోర్డులో 2007 తీర్పు దగ్గర ఆగిపోతే తప్పవుతుంది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. రెండూ రాయండి. చూసేవాళ్లలో ఎవరికైనా ఆ సంగతి తెలిసి ఉంటే మిగతా 11 బోర్డుల మీద కూడా నమ్మకం పోతుంది.

తెలుగు పేర్లలో నా ఎంపిక కన్నబిరాన్, బాలగోపాల్. ఇద్దరికీ కలిపి ఒక బోర్డు పెట్టొచ్చు, ఎందుకంటే పౌరహక్కులకూ మానవహక్కులకూ తేడా అక్కడే అర్థమవుతుంది. కె.జి. కన్నబిరాన్ నెల్లూరులో పెరిగిన లాయరు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో, ఎన్‌కౌంటర్ల మీద వేసిన భార్గవ కమిషన్ ముందు బాధితుల తరఫున నిలబడ్డాడు. 1978 నుంచి 1994 దాకా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అధ్యక్షుడు. ఆ కాలంలోనే, 1985 సెప్టెంబర్ 3న, ఆ సంఘం ఉపాధ్యక్షుడు, పిల్లల డాక్టరు రామనాథంను వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పౌరహక్కుల పని అంటే అప్పట్లో అంత ప్రమాదం.

బాలగోపాల్ లెక్కల్లో పీహెచ్‌డీ. కాకతీయ యూనివర్సిటీ ఉద్యోగం వదిలేశాక హక్కుల పనే జీవితమైంది, తర్వాత లాయరయ్యాడు. రాజ్యం చేసే హింసనే కాదు, ఎవరు చేసిన హింసనైనా, కులం, మగపెత్తనం చేసే అన్యాయాన్నైనా హక్కుల కొలతతోనే చూడాలన్న వాదన మీద ఆయనా, కొందరూ పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. 2009 అక్టోబర్ 8న పోయాడు. ఆయన పనిలో పిల్లలకు చూపించదగ్గది నిజనిర్ధారణ: ఘటన జరిగిన చోటికి వెళ్లడం, బాధితులతో పాటు అవతలి పక్షాన్నీ, పోలీసులనూ అడగడం, విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు వేరుచేసి రాయడం. తొమ్మిదో తరగతి పిల్లలు బడి మరుగుదొడ్ల మీదో, ఊరి మంచినీళ్ల మీదో ఇదే పద్ధతిలో రెండు పేజీల నివేదిక రాయగలరు.

చివరి బోర్డు మనిషి మీద వద్దు. ‘ఫిర్యాదు ఎలా చేయాలి’ అని పెట్టండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం కింద, అదే ఏడాది అక్టోబర్ 12న ఏర్పడింది. ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులోనే రాయొచ్చు. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి వల్ల, ఏం జరిగింది, ఏం కోరుతున్నారు: ఈ ఆరూ ఉండాలి. ఎక్కువగా తిరిగొచ్చేది రెండు కారణాలతో. ఘటన జరిగి ఏడాది దాటిపోవడం ఒకటి (సెక్షన్ 36(2)). అదే విషయం రాష్ట్ర కమిషన్ ముందో కోర్టులోనో ఇప్పటికే నడుస్తూ ఉండటం రెండోది. సంతకం, చిరునామా లేకుండా పంపినా పక్కన పెట్టేస్తారు.

అచ్చుపని తిరుపతి

రాత సంగతి పెద్దవాళ్లు చెప్పారు, అచ్చు సంగతి చెప్తాను. డిసెంబర్ అంటే మనకు ఈశాన్య రుతుపవనాలు, తుపాను పట్టిందంటే వరండాలోకి జల్లు కొడుతుంది. చార్ట్ పేపర్లు ఒక్క రాత్రికి ముద్దవుతాయి. ఫ్లెక్స్ తడవదు కానీ ట్యూబ్‌లైట్ వెలుగుకు మెరిసి, పక్క నుంచి చూస్తే చదవలేరు. 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డ్ (గట్టి ఫోమ్ అట్ట) మీద వినైల్ ప్రింట్ వేయించి, మెరవని మ్యాట్ లామినేషన్ అడగండి. 3 మిల్లీమీటర్లది వారానికే వంగుతుంది. నాలుగు మూలలా కట్టండి, రెండు మూలలకే కడితే గాలికి గోడను కొట్టుకుంటుంది.

సైజు 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. బోర్డు నడిమధ్య నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తులో రావాలి. పెద్దవాళ్ల కంటికి తగ్గట్టు కడితే ఎనిమిదో తరగతి పిల్లలు మెడలెత్తాలి. శీర్షిక అక్షరం రెండు అంగుళాలు, లోపలి అక్షరం 36 పాయింట్లకు తగ్గకూడదు. 100 నుంచి 120 మాటలు, అంతకు మించితే ఎవరూ చదవరు. ఫొటో అసలు సైజులో అంగుళానికి 100 చుక్కలైనా ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో వేస్తే మొహం గళ్లుగళ్లుగా వస్తుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఫాంట్. మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కొట్టేది యూనికోడ్. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. వాళ్లు కన్వర్టర్‌తో మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. విదేశీ పేర్లున్న మీ బోర్డుల్లో ఇది మరీ ఎక్కువ. ‘కింగ్‌కు’ అని కొడితే ‘కింగ్కు’ అయి, గ కింద క వత్తు పడుతుంది. ‘మాంట్‌గొమరీ’లో ట కింద గ వత్తు వచ్చి పేరే మారిపోతుంది. అందుకని మీరే మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో పేజీ కట్టి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ‘ఓపెన్ ఫైల్ ఇవ్వండి, మేం సర్దుతాం’ అంటే ఒప్పుకోవద్దు. ప్రింట్‌కు ముందు 400 శాతానికి పెంచి, ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు చూసుకోండి.

కుప్పం కిటికీ

ఒక పేరు ఎవరూ చెప్పలేదు, అదీ మన పక్కింటి పేరు. బెజవాడ విల్సన్. కుప్పం మీదుగా బెంగళూరు రైలెక్కితే వచ్చే బంగారుపేట దగ్గర కేజీఎఫ్‌లో 1966లో పుట్టాడు. గని కాలనీల పాకీదొడ్లు శుభ్రం చేసే తెలుగు దళిత కుటుంబం. పాకీపనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, అధికారులు మాత్రం ‘మా దగ్గర పాకీదొడ్లు లేనేలేవు’ అని రాసిచ్చేవాళ్లు. విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు కలిసి పెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ చేసిన పని ఆ ‘లేవు’ను అబద్ధమని నిరూపించడం. ఊరూరా తిరిగి, ఏ వీధిలో ఎన్ని ఉన్నాయి, ఎవరు ఎత్తుతున్నారు అని ఫొటోలతో సహా రాసుకున్నారు. 2003లో ఆ కట్టలతో సుప్రీంకోర్టుకెళ్లారు. తీర్పు 2014 మార్చి 27న వచ్చింది: 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ కేసు నడుస్తుండగానే 2013లో కొత్త చట్టం వచ్చింది. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది, కానీ బోర్డు మీద ఆ పతకం కంటే ఆ సర్వే కాగితమే ముఖ్యం.

దీన్ని కింగ్ చివరి రోజుల పక్కన పెట్టండి. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో ఇద్దరు చెత్త కార్మికులు వానకు లారీ వెనక భాగంలో తలదాచుకుంటే, చెత్తను నొక్కే యంత్రం కదిలి నలిగిపోయారు. 12న దాదాపు 1,300 మంది సమ్మె కట్టారు. వాళ్ల మెడల్లో అట్టముక్కలు, వాటి మీద ఒకటే మాట: ‘నేను మనిషిని’. కింగ్ వెళ్లింది ఆ సమ్మెకు. ఏప్రిల్ 4న అక్కడే చంపేశారు. ఏప్రిల్ 16న నగరం దిగొచ్చి యూనియన్‌ను గుర్తించింది, జీతాలు పెంచింది. మనవాళ్లు కింగ్ అంటే 1963 వాషింగ్టన్ ఉపన్యాసం దగ్గరే ఆపేస్తారు. తెల్లారకముందే తిరుపతి వీధులు ఊడ్చేవాళ్ల పిల్లలు చదివే బళ్లో మెంఫిస్ బోర్డు ఉండి తీరాలి.

పాతపత్రికలు

సూక్తుల గురించి ఇందాక మర్చిపోయాను. ‘మొదట నిన్ను పట్టించుకోరు, తర్వాత నవ్వుతారు…’ అన్నది గాంధీ రచనల్లో ఎక్కడా లేదు. ఏ సూక్తికైనా ఎప్పుడు, ఎక్కడ అన్నదో దొరక్కపోతే తీసేయండి. ఆ చోట్లో హంసా మెహతాను ఇరికించండి. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో మొదటి అధికరణం ‘పురుషులందరూ’ అనే అర్థం వచ్చే మాటతో ఉండేది. దాన్ని ‘మానవులందరూ’ అని మార్పించింది మన దేశ ప్రతినిధిగా కూర్చున్న ఆమే. డిసెంబర్ 10న పారిస్‌లో 48 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, 8 తటస్థం, వ్యతిరేకం ఒక్కటీ లేదు. మీ ప్రదర్శన తేదీ అదే కాబట్టి ఆమెది మొదటి బోర్డు కావచ్చు.

చంద్రగిరి సోషల్

అందరికీ చేతులెత్తి దండం. నమూనా మొత్తం మార్చేశాం. మండేలాకు 27 ఏళ్ల జైలులో రాబెన్ దీవి 18 ఏళ్లు మాత్రమే తీసుకుంటున్నాం. మాల్కం ఎక్స్‌కు, 1964లో అమెరికా నల్లజాతివాళ్ల సమస్యను పౌరహక్కుల స్థాయి నుంచి మానవహక్కుల స్థాయికి లేపి ఐక్యరాజ్య సమితికి తీసుకెళ్లాలన్న వాదన. బస్సు బోర్డులో పార్క్స్ పేరా ఇలా రాశాం, చూసి చెప్పండి:

‘కుట్టుపని చేసి అలసిపోయిన రోసా పార్క్స్ అనే సామాన్య మహిళ ఆ సాయంత్రం తెల్లవాళ్ల సీట్లో కూర్చుంది. లేవమంటే లేవలేదు.’

పాతపత్రికలు

రెండు తప్పులు. ఆమె కూర్చున్నది తెల్లవాళ్ల సీట్లో కాదు, దాని వెనక నల్లవాళ్లు కూర్చోదగ్గ మధ్య వరసలో. ముందు సీట్లు నిండి ఒక తెల్లాయన నిలబడితే, ఆ వరసలోని నలుగురినీ లేవమన్నాడు డ్రైవరు. ముగ్గురు లేచారు. ఇక ‘అలసిపోయిన సామాన్య మహిళ’ అన్నది ఆమె పనిని చెరిపేస్తుంది. 1943 నుంచి ఆమె నల్లజాతి హక్కుల సంఘం మాంట్‌గొమరీ శాఖలో కార్యదర్శిగా పనిచేసింది, 1955 వేసవిలోనే ఉద్యమకారుల శిక్షణకు వెళ్లొచ్చింది. ఇలా మార్చండి:

‘రోసా పార్క్స్ కుట్టుపని చేసేది. పన్నెండేళ్లుగా హక్కుల సంఘంలో పనిచేస్తోంది. ఆ సాయంత్రం ఆమె మధ్య వరసలో కూర్చుంది. ఒక తెల్లాయన కూర్చోవడానికి ఆ వరసలోని నలుగురూ లేవాలన్నాడు డ్రైవరు. ముగ్గురు లేచారు. ఆమె లేవలేదు. ఆమెకు 10 డాలర్ల జరిమానా, 4 డాలర్ల కోర్టు ఖర్చులు వేశారు. కట్టకుండా అప్పీలుకు వెళ్లింది.’